నాలుగింటికీ ఐదింటికీ మధ్య

దుప్పటి నాలుగు అంచులూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునేలా మడత పెట్టడం చూడటానికి తేలికే. ఆవిరి కక్కే ఇస్త్రీ రోలరు కింది నుంచి దుప్పట్లు ఒకదాని వెనక ఒకటి దూసుకొస్తుంటే, చేతులు కాలకుండా అందుకుని, ముడత పడకుండా మడిచి దొంతర పెట్టడం మాత్రం అందరివల్లా అయ్యే పని కాదు. హోటళ్ళకూ ఆసుపత్రులకూ బట్టలుతికిచ్చే ఆ లాండ్రీలో ఆ పనికి పెట్టింది పేరు ఒకామె. పదకొండేళ్ళుగా అక్కడే చేస్తోంది. తోటివాళ్ళంతా ఆమెను మడతలక్క అనేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినబడేది కాదు.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. ఏళ్ళ తరబడి ఇంజను పక్కన కూర్చుని ఒక చెవి మందగించింది. అందుకే మంచినీళ్ళు అడిగినా పక్క వాటాల వాళ్ళకు పోట్లాటలా వినిపించేది. "మీరు గుసగుసలాడితే వీధి చివర కుక్క లేచి కూర్చుంటుంది" అని మడతలక్క నవ్వేది. నిజానికి చీమకు కూడా హాని తలపెట్టని మనిషి. కానీ గోడ అవతలివాళ్ళకు వినబడేది గొంతే గాని మనసు కాదు కదా!

వాళ్ళకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఎనిమిదేళ్ళ పిల్ల. లేచింది మొదలు పడుకునేదాకా కిచకిచలాడుతూనే ఉంటుందని దాన్ని పిచ్చుక అనేవారు. రెండోవాడు రెండున్నరేళ్ళ బొద్దు. పేరుకు తగ్గట్టే ఉండేవాడు. ఎత్తుకుంటే దించాలనిపించేది కాదు, దించకపోతే నడుం నిలిచేది కాదు.

కింది వాటాలో ఒక మామ్మగారు ఉండేది. రోజూ బొద్దును ఆమే చూసుకునేది. ఆమెకు మోకాలి ఆపరేషను పడింది. ఆరు వారాలు ఆసుపత్రిలోనూ, కూతురింట్లోనూ ఉండాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే లాండ్రీలో పని ఎక్కువై, నాలుగింటికి దిగే వంతును ఐదింటికి మార్చారు. డ్రైవరుది మధ్యాహ్నం డ్యూటీ. నాలుగింటికి బడి నుంచి పిచ్చుక రాగానే తమ్ముణ్ణి దానికి అప్పగించి అతను డిపోకు పరుగెత్తేవాడు. ఐదూ పదికి మడతలక్క ఇల్లు చేరేది. ఆ మధ్య గంటసేపూ ఇంట్లో ఉన్నది ఎనిమిదేళ్ళ పెద్దదిక్కు ఒక్కతే.

"ఎవరొచ్చినా తలుపు తియ్యకు. పొయ్యి జోలికి పోకు" అని చెప్పి వెళ్ళేవాడు తండ్రి.

"ఆరు వారాలే కదా" అనుకుంది తల్లి. ఆ ఇల్లనే కాదు, ఆ వీధిలో తలుపులు మూసి ఉన్న ఎన్ని ఇళ్ళలో అలాంటి గంటలు గడుస్తున్నాయో ఎవరు లెక్కపెట్టారు? ఏమీ జరగనంత కాలం దాన్ని సర్దుకుపోవడం అంటాం. ఏదైనా జరిగిన రోజున దాని పేరు నిర్లక్ష్యం.

పందొమ్మిదో రోజున జరిగింది. బొద్దు ఆకలికి ఏడుస్తూ కింద పడి దొర్లాడు. వాడి ఏడుపు ఆపలేక పిచ్చుక పీట ఎక్కి పాలు వేడి చేసింది. గిన్నె దించేటప్పుడు గుడ్డ జారింది. అప్పటికే వాడు వచ్చి అక్క గౌను పట్టుకుని నిలబడి ఉన్నాడు. పాలు వాడి ఎడమ భుజం మీదా చేతి మీదా పడ్డాయి.

తలుపు తియ్యొద్దన్నారు కాబట్టి ఆ పిల్ల తలుపు తియ్యలేదు. తడి తువ్వాలు తమ్ముడి భుజం మీద వేసి, వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని గోడకానుకుని కూర్చుంది. మడతలక్క వచ్చేసరికి ఇద్దరూ ఏడ్చి ఏడ్చి అలసిపోయి ఉన్నారు.

ఆసుపత్రికి పిల్లవాణ్ణి మోసుకుంటూ పరుగెత్తింది. నర్సు వాడి చొక్కా కత్తిరిస్తూ అడిగింది. "ఎప్పుడు జరిగిందమ్మా? అప్పుడు మీరెక్కడున్నారు?"

అడగాల్సిన ప్రశ్నే. ప్రతి తల్లినీ అలాగే అడుగుతారు. కానీ మడతలక్కకు పిల్లల్ని ఒంటరిగా వదిలేశావా అంటారు, దొంగను చూసినట్టు చూస్తారు అనిపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ నింద వెయ్యకముందే నోరు జారింది.

"ఇప్పుడేనండి. నేను పక్కనే ఉన్నాను. నా చేతిలోంచే గిన్నె జారింది."

డాక్టరు బొబ్బలు చూశాడు. అప్పటికే నీరు పట్టి గంటన్నర దాటినట్టున్నాయి. తల్లి చేతులు చూశాడు. ఒక్క చుక్క పడ్డ గుర్తు లేదు. కట్టు కట్టించి, కాగితం మీద రెండు వాక్యాలు రాసుకున్నాడు. చెప్పిన మాటకూ కనబడే గాయానికీ పొంతన లేకపోతే పిల్లల సంక్షేమ కార్యాలయానికి తెలపడం ఆయన విధి. తెలిపాడు.

ఇంటికొచ్చాక భార్యాభర్తలు తలలు పట్టుకుని కూర్చున్నారు. "అన్నదేదో అన్నావు. ఇక దాని మీదే నిలబడదాం" అన్నాడు డ్రైవరు. పిచ్చుకను పిలిచి ఎదురుగా నిలబెట్టుకున్నారు.

"ఎవరడిగినా ఏం చెప్పాలి?"

"అమ్మ ఇంట్లోనే ఉంది. అమ్మ చేతిలోంచి గిన్నె జారింది."

"మళ్ళీ చెప్పు."

చెప్పింది. పద్యం అప్పజెప్పినట్టు నాలుగుసార్లు చెప్పింది. తర్వాత తలొంచుకుని అడిగింది. "మరి నేను పడేసింది?"

"నువ్వేమీ పడెయ్యలేదు. మర్చిపో" అంది తల్లి. దాన్ని కాపాడుతున్నాననే అనుకుంది పాపం.

మూడో రోజు పొద్దున తలుపు చప్పుడైంది. ఫైలు పట్టుకున్న నడివయసు ఆవిడ, వెంట ఒక గుమస్తా. పిల్లల సంక్షేమ కార్యాలయం నుంచి వచ్చామన్నారు. ఆ మాట వినగానే డ్రైవరు గొంతు మేడంతా మోగింది.

"మా పిల్లల్ని మేం పెంచుకోవడానికి మీ అనుమతి కావాలా? ఎవడు చెప్పాడు మీకు? వాడి పేరు చెప్పండి ముందు!"

"మీరు కూర్చుంటే మాట్లాడుకుందామండీ" అంది అధికారిణి.

అతను కూర్చోలేదు. ఆమె పేరేమిటని అడగలేదు. తమ మీద వచ్చిన ఫిర్యాదులో ఏముందని అడగలేదు. తమ తరఫున ఎవరినైనా పిలుచుకోవచ్చా అనీ అడగలేదు. చివరికి ఆమె, అవసరమైతే పిల్లల్ని తాత్కాలికంగా తీసుకెళ్ళడానికి సమ్మతమని రాసున్న రెండు కాగితాలు ముందు పెడితే, పీడ వదిలితే చాలన్నట్టు చదవకుండా సంతకం గీకేశాడు. అడగాల్సినవి ఏవీ అడగక, అరవాల్సిన అవసరం లేనిచోట అరిచి, చదవాల్సిన కాగితం చదవకుండా ఆ ఇంటి యజమాని అరగంటలో తన చేతిలో ఉన్నదంతా పోగొట్టుకున్నాడు.

"మీరు లాండ్రీలో ఎన్నింటికి దిగుతారమ్మా?" అధికారిణి మడతలక్కను అడిగింది.

"నాలుగింటికండి."

అధికారిణి తల ఊపింది. అంతకుముందు రోజే ఆమె లాండ్రీకి వెళ్ళి హాజరు పుస్తకం చూసి వచ్చింది. ఆ రోజు ఐదింటికి దిగినట్టు మడతలక్క సంతకమే ఉంది.

పిచ్చుకను లోపలి గదిలో కూర్చోబెట్టి విడిగా మాట్లాడింది. అమ్మ ఇంట్లోనే ఉంది, అమ్మ చేతిలోంచి గిన్నె జారింది. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అవే మాటలు, అదే వరస. "అప్పుడు అమ్మ ఏ రంగు బట్టలు కట్టుకుంది?" అని అడిగేసరికి పిల్ల బిక్కమొహం వేసింది. అది నేర్పని పాఠం. తలుపు వైపు చూసి ఏడుపందుకుంది. "వేరేలా చెబితే నాన్న అరుస్తాడు" అంది.

ఆ అధికారిణి రాక్షసి కాదు. ఏడాది కిందట ఇలాగే ఒక తల్లి మాట నమ్మి ఫైలు మూసేస్తే, ఆ ఇంటి బిడ్డ నెల తిరక్కుండా ఆసుపత్రిలో కన్నుమూసింది. అప్పటినుంచి ఆమెకు కంటి నిండా నిద్ర లేదు. ఇక్కడ చూస్తే తల్లి అబద్ధం ఆడుతోంది. తండ్రి అరుస్తున్నాడు. పిల్ల భయపడుతోంది. రోజూ ఆ ఇంట్లోంచి కేకలు వినబడతాయని పక్క వాటావాళ్ళు చెప్పారు. నిజం ఉండాల్సిన చోట వీళ్ళు ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో ఆమె తనకు తోచింది రాసుకుంది. పాలు పోసింది తండ్రే అయివుంటాడు, తల్లి కప్పిపుచ్చుతోంది అని.

ఆ మధ్యాహ్నమే పిల్లలిద్దర్నీ తీసుకెళ్ళారు. తాత్కాలికంగానే అన్నారు. బొద్దు కారెక్కుతున్నానని సంబరపడి తల్లికి చెయ్యి ఊపాడు. పిచ్చుక మాత్రం కారు అద్దంలోంచి తల్లి మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. తను ఏం తప్పు చెప్పిందో వెతుక్కుంటున్నట్టుంది ఆ చూపు.

తర్వాత ఉత్తరాలు రావడం మొదలైంది. డ్రైవరు వాటిని విప్పకుండా బీరువా మీద పడేసేవాడు. "చదివితేనే కదా మనకు తెలిసినట్టు. తెలియనిదానికి ఎవరేం చేస్తారు?" అనేవాడు. భయంలో మనిషికి పుట్టే తెలివి అలాగే ఉంటుంది. ఆ ఊళ్ళోనే అతని సొంత అక్క ఉంది. పిల్లలంటే ప్రాణం పెడుతుంది. ఆమెకు కూడా చెప్పలేదు.

"వదినకు తెలిస్తే నలుగురికీ తెలుస్తుంది. పరువేం కాను?" అంది మడతలక్క.

మోకాలు త్వరగా మానక మామ్మగారి ఆరు వారాలు తొమ్మిదయ్యాయి. పిల్లల్ని తీసుకెళ్ళిన నలభై రెండు రోజులకు ఆమె చేతికర్ర ఊతంతో ఇల్లు చేరింది. ఒక్కో మెట్టూ ఆగి ఎక్కి పైకొచ్చింది. సంగతంతా వింది. బీరువా మీది ఉత్తరాలు దింపించి, కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ విప్పింది. ఒకదానిలో విచారణ తేదీ ఉంది. అది వెళ్ళిపోయింది. ఇంకొకదానిలో, పిల్లల్ని ఉంచుకోగల దగ్గరి బంధువులెవరైనా ఉంటే ముప్పై రోజుల్లోగా పేరు తెలపాలని ఉంది. అదీ వెళ్ళిపోయింది. మూడోదాంట్లో, డబ్బు పెట్టుకోలేని తల్లిదండ్రులకు ఉచితంగా వకీలును ఇస్తామని, ఫలానా చోటికి రమ్మని ఉంది.

"దారి ఇంట్లోనే పెట్టుకుని దిక్కులు చూస్తున్నారే నాయనా!" అని మామ్మగారు నెత్తి కొట్టుకుంది.

మర్నాడే ఆ మూడో ఉత్తరం పట్టుకుని వెళ్ళారు. ఆ వకీలు జుట్టంతా నెరిసిన పెద్దావిడ. ఇరుకు గది, గోడ పొడవునా ఫైళ్ళ కట్టలు. అంతా చివరిదాకా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"జరిగింది జరిగినట్టు ఆ మొదటి రోజే చెప్పుంటే ఏమయ్యేదో తెలుసా అమ్మా? మిమ్మల్ని మందలించేవాళ్ళు. ఆ గంటసేపు పిల్లల్ని ఎవరు చూస్తారో రాసిమ్మనేవాళ్ళు. ఉద్యోగాలు చేసే తల్లుల పిల్లల కోసం ఆ కార్యాలయం వాళ్ళే ఒక కేంద్రం నడుపుతున్నారు. మీ వీధికి రెండు వీధుల అవతల. అక్కడ చోటిచ్చేవాళ్ళు."

"రెండు వీధులేనా?" అంది మడతలక్క.

"ఇప్పుడు నేను చెప్పేవన్నీ చేతులు కాలాక పట్టుకునే ఆకులే. అయినా చెయ్యాలి" అంది వకీలు. "ఇకనుంచి ఒక్క తేదీ తప్పకూడదు. ఏ కాగితమైనా చదివి, అర్థం కాకపోతే నా దగ్గరికి తెచ్చి, అప్పుడే సంతకం. ఎవరు ఏమన్నా ఆ రోజు తేదీతో ఒక పుస్తకంలో రాసుకోండి. బాబూ, నువ్వు గొంతు తగ్గించు. చెవి సరిగ్గా వినబడదని డాక్టరు చేత రాయించుకురా. ఆ సంగతి వాళ్ళకెవరు చెప్పారు? నువ్వు చెప్పలేదు."

డ్రైవరు చెవి పరీక్ష చేయించుకుని కాగితం తెచ్చాడు. డిపోలో పొద్దుటి డ్యూటీ అడిగాడు. రెండో రోజునే ఇచ్చారు. మడతలక్క లాండ్రీలో నాలుగింటి వంతు అడిగింది. "ముందే అడగొచ్చుగా?" అన్నాడు సూపర్వైజరు. అడిగితే రెండు రోజుల్లో దొరికేదాన్ని అడగడానికి మొహమాటపడి ఆ దంపతులు ఎంత పోగొట్టుకున్నారో ఆ మాటన్నవాడికేం తెలుసు!

విచారణ మండలి ముందు నిలబడి మడతలక్క నిజం చెప్పింది. ముగ్గురు సభ్యుల్లో నడుమ కూర్చున్నాయన కాగితాలు తిరగేశాడు.

"ఆసుపత్రిలో ఒకటి చెప్పారు. ఇంట్లో అధికారికి అదే గట్టిగా చెప్పారు. పిల్ల చేతా చెప్పించారు. ఇప్పుడు ఇంకొకటి చెబుతున్నారు. వీటిలో ఏది నమ్మమంటారమ్మా?"

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

కబురు అందగానే డ్రైవరు అక్క వచ్చి, పిల్లల్ని తన దగ్గర ఉంచుకుంటానంది. "నా తమ్ముడి బిడ్డల్ని ఎక్కడో పెట్టి, నాకు మాటమాత్రం చెప్పలేదా మీరు? నేను పరాయిదాన్నయ్యానా?" అని గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఆమె అర్జీ పుచ్చుకున్నారు. కానీ గడువు దాటిన అర్జీ ఫైళ్ళ అడుగున చేరింది.

పదిహేను రోజులకోసారి పిల్లల్ని చూడనిచ్చేవారు. ఒక గది, మూల ఒక ఉద్యోగిని, గంట సమయం. మొదటిసారి వెళ్ళినప్పుడు మడతలక్క కూతుర్ని దగ్గరికి తీసుకుని, "తిన్నావా తల్లీ?" అని అడిగింది.

పిచ్చుక తల్లి మొహంలోకి చూసింది, మూలనున్న ఉద్యోగిని వైపు చూసింది, గొంతు తగ్గించి అడిగింది.

"ఏం చెప్పమంటావమ్మా?"

పిల్ల నోట నాలుగుసార్లు అబద్ధం పలికించిన ఆ సాయంత్రం తను ఏం చేసిందో మడతలక్కకు అప్పుడు అర్థమైంది. తిన్నానో లేదో చెప్పడానికి కూడా ఆ పిల్లకు ఇప్పుడు ఒకరి అనుమతి కావాలి.

పదహారు నెలలు గడిచాయి. నాలుగు విచారణలు జరిగాయి. వకీలు పట్టు వదల్లేదు. చివరికి పిచ్చుకను ఇంటికి పంపారు. బొద్దును పంపలేదు. వాణ్ణి పెంచుతున్న ఇంట్లో వాడు బాగా అలవాటు పడ్డాడని, ఇప్పుడు కదిలిస్తే పిల్లవాడికి మంచిది కాదని, ఏడాది తర్వాత మళ్ళీ చూద్దామని రాశారు. అప్పటికి వాడి వయసు నాలుగు. నెలకోసారి చూడ్డానికి వెళ్తే, "నమస్తే ఆంటీ" అంటున్నాడు. భుజం మీద మచ్చ చూపించి, "ఇది నాకు పుట్టినప్పట్నుంచీ ఉంది" అని చెబుతున్నాడు. ఎవరో ముద్దుకు చెప్పి ఉంటారు.

ఇంటికొచ్చిన పిచ్చుక ఇల్లంతా తిరిగి చూసి, తమ్ముడి చెప్పులు ఎక్కడని అడిగింది. ఆ తర్వాత పెద్దగా ఏమీ అడగలేదు. కిచకిచలు లేవు. డ్రైవరు కూడా మెల్లగా మాట్లాడటం నేర్చుకున్నాడు. ఎంత మెల్లగా అంటే, ఆ ఇంట్లో మనుషులున్నారని గోడ అవతలికి తెలియడం లేదు.

ఒక సాయంత్రం తల్లి పక్కన కూర్చుని పెసలు ఏరుతూ ఆ పిల్ల ఉన్నట్టుండి అంది. "నేను పాలు పెట్టకపోతే వాడు మనింట్లోనే ఉండేవాడు కదమ్మా."

మడతలక్క చేట పక్కన పెట్టింది. "కాదే. నేను నిజం చెప్పుంటే ఉండేవాడు."

పిల్ల ఆ మాట నమ్మిందో లేదో తెలియలేదు. తల్లి మాట నమ్మడం ఆ పిల్ల ఎప్పుడో మరిచిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకు లాండ్రీలో భోజనాల వేళ, కొత్తగా చేరిన పడుచు ఒకతి చేతిలో కాగితం పట్టుకుని కూర్చుంది. ఆమె ఐదేళ్ళ కూతురు మెట్ల మీద పడి మొహం కమిలితే బడివాళ్ళు సంక్షేమ కార్యాలయానికి రాసి పంపారట. మర్నాడు అధికారులు వస్తారట. ఆ పిల్ల పడినప్పుడు ఈమె ఇంట్లో లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు తలో సలహా ఇస్తున్నారు.

"బళ్ళోనే పడిందని చెప్పెయ్."

"నువ్వు ఇంట్లోనే ఉన్నానను. ఎవరు చూడొచ్చారు?"

"తలుపు తియ్యకు. తాళం వేసి మీ అమ్మ దగ్గరికి పో."

ఏనాడూ తన సంగతి ఎవరితోనూ ఎత్తని మడతలక్క గిన్నె పక్కన పెట్టి లేచి వచ్చింది. రోలర్లు మళ్ళీ తిరగడానికి ఇంకో పది నిమిషాలున్నాయి.

"తలుపు తియ్యి" అంది. "వచ్చినవాళ్ళ పేరు, ఏ కార్యాలయమో అడిగి రాసుకో. మా మీద ఏం ఫిర్యాదు వచ్చిందండీ అని అడుగు. అడిగితే తప్పు కాదు, నువ్వు అడగాలి. మీ ఆయన్ని నెమ్మదిగా ఉండమను. చదవకుండా చెయ్యి కదపొద్దు. వకీలు కావాలని ఇవాళే వెళ్ళి అడుగు, నేను తీసుకెళ్తా. మీ అమ్మ పేరు, అత్త పేరు, పిల్లను చూసుకోగలిగిన ప్రతివాళ్ళ పేరూ నువ్వే ముందు రాసియ్యి. పరువు గురించి ఆలోచించకు. పిల్లకు మాత్రం ఏమీ నేర్పకు. దానికి తెలిసింది అది చెప్పుకుంటుంది."

"అప్పుడు నువ్వెక్కడున్నావని వాళ్ళడిగితే?"

"ఎక్కడున్నావో అక్కడే ఉన్నానని చెప్పు."

ఆ పడుచు కళ్ళనిండా నీళ్ళతో ఆమె చెయ్యి పట్టుకుంది. "నిజం చెబితే పిల్లను తీసుకుపోరా అక్కా?"

ధైర్యం చెప్పడానికి ఏదైనా అనొచ్చు. మడతలక్క అనలేదు. అబద్ధం ఆడటం ఆమె మానేసి చాలా కాలమైంది.

"తీసుకుపోవచ్చమ్మా, నేను మాటివ్వలేను. కానీ నిజం చెప్పిన తల్లికి బిడ్డను తిరిగి తెచ్చుకునే దారైనా మిగులుతుంది. భయపడి అబద్ధం చెప్పిన తల్లి దారిని ఎవరో మూయరు, తనే మూసుకుంటుంది."